జెంటూ అను మాట

కన్నడము, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఇరుగుపొరుగులై మెలగు బీదరు సీమయందు, కుశనూరు వంటి గ్రామములవారికి ఒక సంగతి సులభముగా బోధపడును. ప్రతి జాతికిని రెండు పేళ్లుండును: తాను చెప్పుకొనునది యొకటి, పరులు పెట్టునది వేరొకటి. ఆంగ్లేయులు తెలుగువారికి పెట్టిన పేరు జెంటూ.

ఈ మాటకు మూలము పోర్చుగీసు భాషలోని 'జెంతియు'. అన్యమతస్థుడని దాని యర్థము. మనదేశమునకు వచ్చిన పోర్చుగీసువారు మహమ్మదీయులను మోరోలనియు, హిందువులను జెంతియులనియు పిలిచిరి. అదియే ఆంగ్లేయుల నోట జెంటూ అయ్యెను. 1776లో హాల్‌హెడ్ ప్రకటించిన జెంటూ ధర్మశాస్త్రమున ఈ పదమునకు హిందువులనియే యర్థము. చెన్నపట్టణమున మాత్రము అర్థము కుంచించుకొని పోయినది. అచటి తెల్లవారు తమిళులను మలబారులనియు, తెలుగువారిని జెంటూలనియు వ్యవహరించుటచే, మతమును దెలుపు మాట భాషకు పేరయ్యెను.

1816లో క్యాంబెల్ తన వ్యాకరణమునకు తెలుగు పేరే పెట్టి, 'సామాన్యముగా జెంటూ అనబడునది' యని చేర్చెను. మరుసటి యేట విలియం బ్రౌను వెలువరించినది జెంటూ భాషా వ్యాకరణము! పండితులలోనే ఇట్టి ద్వైధీభావ ముండెను. 1852 నాటి సి.పి. బ్రౌను నిఘంటువు తెలుగు పేరుతోనే వెలసినది. 1886లో హాబ్‌సన్-జాబ్‌సన్ అను ఆంగ్లో-ఇండియన్ వాడుకమాటల కోశమున జెంటూకు చోటు దొరకినది. నేడది చరిత్రకారుల కెరుకయైన మాట మాత్రమే.

తెలుగువారు తమ భాషను తెలుగు, తెనుగు, ఆంధ్రము అనియే చెప్పుకొనుచు వచ్చిరి. పరు లిడిన పేరు దొరతనముతో వచ్చి మాసిపోయినది. ఆడువారి నాలుకపై నున్న పేరు నిలిచినది.