స్థిర నక్షత్రాలు – సంచరించే చుక్క

కుజ, గురు గ్రహాల కక్ష్యల మధ్య సూర్యుని చుట్టూ తిరిగే లఘుగ్రహాలు దూరదర్శినిలో చూసినా నక్షత్రాల వలెనే కనిపిస్తాయి. వేరుచేసి చూపే గుర్తు ఒక్కటే: లఘుగ్రహం రాత్రి రాత్రికీ స్థానం మారుతుంది. ఆ మార్పును పట్టుకోవాలంటే చుట్టూ ఉన్న నక్షత్రాల స్థానాలు ముందుగా తెలిసి ఉండాలి. కనుక లఘుగ్రహాల అన్వేషణకు పునాది నక్షత్ర పట్టికలే.

ఈ పునాదిని పటిష్ఠం చేసినవారిలో ముస్లిం శాస్త్రజ్ఞులు ముఖ్యులు. అబ్దుర్రహ్మాన్ అల్-సూఫీ (903–986) స్థిర నక్షత్రాలను గురించి రచించిన గ్రంథంలో, టాలమీ ఇచ్చిన స్థానాలకు కాలగతివల్ల కలిగిన మార్పును జోడించాడు. నక్షత్రాల ప్రకాశాన్ని మాత్రం స్వయంగా పరిశీలించి సరిదిద్దాడు. సమర్‌ఖంద్‌లో ఉలుగ్ బేగ్ మరొక అడుగు ముందుకు వేశాడు. ఆయన వేధశాలలో స్థానాలనే కొత్తగా కొలిచారు. హిజ్రీ 841 (క్రీ.శ. 1437) నాటి ఆయన పట్టికలో 1018 నక్షత్రాలు ఉన్నాయి. అది 1665లో ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయి ఐరోపా పండితులకు అందింది.

1801 జనవరి 1వ తేదీ రాత్రి సిసిలీలోని పలెర్మోలో పియాజీ అనే క్రైస్తవ మతాచార్యుడు కూడా నక్షత్ర పట్టికనే తయారు చేస్తున్నాడు. వృషభరాశిలో గుర్తించిన ఒక చుక్క మరునాటికి జరిగి ఉంది. ఫిబ్రవరి 11 వరకు దానిని వెంబడించాడు. తరువాత అది సూర్యకాంతిలో మరుగుపడింది. చేతిలో మిగిలినవి ఆరు వారాల కొలతలు మాత్రమే. ఇరవై నాలుగేళ్ల గాస్ ఆ కొద్దిపాటి కొలతల నుండే కక్ష్యను గణించాడు. ఆయన సూచించిన చోటుకు సమీపంలోనే ఆ సంవత్సరాంతాన జాక్, మరునాడు ఓల్బర్స్ దానిని తిరిగి చూశారు. అదే సెరెస్. 2006 నుండి దానిని మరుగుజ్జు గ్రహంగా పరిగణిస్తున్నారు.

1891లో జర్మనీలో మాక్స్ వోల్ఫ్ ఈ అన్వేషణలో ఫోటోగ్రఫీని ప్రవేశపెట్టాడు. చాలాసేపు కాంతి సోకిన ఫలకం మీద నక్షత్రాలు చుక్కలుగాను, లఘుగ్రహం చిన్న గీతగాను పడతాయి. ఆ గీత ఎక్కడ ఉన్నదో చెప్పడానికి మళ్లీ పక్కనున్న నక్షత్రాలే ఆధారం.

ఇక్కడే హైదరాబాదు ప్రస్తావన వస్తుంది. నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించింది. పలు దేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకొని ఫోటోలు తీసి నక్షత్రాల స్థానాలను కొలిచే బృహత్కార్యంలో దానికీ భాగం దక్కింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17–23 డిగ్రీల మండలం దాని వంతులలో ఒకటి. టి.పి. భాస్కరన్ వంటి శాస్త్రజ్ఞుల నాయకత్వంలో ఆ కొలతలు సంపుటాలుగా వెలువడ్డాయి. సూర్యుని దారి కొంతమేర ఈ మండలం గుండానే సాగుతుంది. అధికసంఖ్యాక లఘుగ్రహాలు ఆ దారి పరిసరాలలోనే సంచరిస్తాయి.

సెరెస్‌ను కనుగొన్న ఘనతను సమర్‌ఖంద్‌కు ఆపాదించడం అతిశయోక్తి. పియాజీకి సొంత సాధనాలు, సొంత కొలతలు ఉన్నాయి. పూర్వుల గొప్పతనాన్ని చాటడానికి లేని ఘనతను కల్పించనక్కరలేదు. టాలమీ మాటను గౌరవిస్తూనే ఆకాశాన్ని తిరిగి పరిశీలించడం, సరిచూసినదాన్ని తరువాతివారికోసం లిఖించి ఉంచడం వారు వదలిన నిజమైన వారసత్వం. ఆ వారసత్వం పొగడ్తతో నిలవదు. మరల కొలిచేవారితోనే నిలుస్తుంది.