రక్తశుద్ధి అంటే ఇదీ

ఇక్కడ షాలిమార్‌లో, స్టేషన్‌కి వెళ్ళే దారిలో, రక్తశుద్ధి చూర్ణం అమ్మేవాళ్ళు కనబడుతుంటారు. ఏ చెడు పోతుందో, ఎంత పోతుందో అడిగితే జవాబుండదు. డిఫెన్స్ అకౌంట్స్‌లో జీవితమంతా వోచర్లు చూసినవాణ్ణి, లెక్క చూపని ఖర్చును ఒప్పుకోలేను. నిజంగానే రక్తంలోంచి చెడును తీసి పారబోసి, దానికి లెక్క కూడా చూపిన కథ ఒకటుంది.

కొన్ని కుటుంబాల్లో వేళ్ళ కణుపుల మీద, మడమ వెనకాల పసుపు గడ్డలు లేస్తాయి. మగవాళ్ళు నలభై, యాభై ఏళ్ళకే గుండెపోటుతో పోతారు. మనవాళ్ళు వంశశాపం అంటారు. ఇది వంశపారంపర్యంగా వచ్చే కొలెస్టరాల్ జబ్బని 1938లో నార్వే వైద్యుడు కార్ల్ ముల్లర్ చూపించాడు. లోపమున్న జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వస్తే పరిస్థితి అది. ఇద్దరి నుంచీ వస్తే పసితనంలోనే గడ్డలు, వైద్యం లేకపోతే చాలామందికి ముప్ఫై దాటదు ఆయుష్షు. ఒకే వంశంలో పెళ్ళిళ్ళు జరిగితే ఈ రెండో రకానికి అవకాశం పెరుగుతుంది. మేనరికానికి జాతకాలు చూసే మనం రక్తపరీక్ష మాత్రం అడగం.

అసలు లోపం ఎక్కడుందో అమెరికాలో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ 1973-74లో కనిపెట్టారు. 1985లో నోబెల్ వచ్చింది. చెడు కొలెస్టరాల్‌ను రక్తంలోంచి లాక్కునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. ఈ పిల్లల్లో అవి పనిచేయవు. నా భాషలో చెప్పాలంటే జమ పడుతూనే ఉంది, ఖర్చు రాసే గుమాస్తా లేడు.

గుమాస్తా లేకపోతే పద్దును మనమే ఖాళీ చేద్దామనుకున్నారు లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రిలో గిల్బర్ట్ థాంప్సన్, సహచరులు. రోగి రక్తాన్ని యంత్రంలోకి పంపి, కణాలను వేరుచేసి వెనక్కి ఇచ్చి, పసుపుపచ్చని ప్లాస్మాను పారేసి, బదులుగా ఆల్బుమిన్ ద్రావణం ఎక్కించారు. 1975లో లాన్సెట్‌లో రాశారు. కొలెస్టరాల్ బాగా పడిపోతుంది, కానీ రోజుల్లో మళ్ళీ పెరుగుతుంది. అందుకే రెండు వారాలకోసారి, జీవితాంతం.

ఆయుష్షు పెరిగిందా? నాకు అన్నిటికన్నా నచ్చింది 1985లో వాళ్ళిచ్చిన జవాబు. ఈ చికిత్స పొందిన అయిదుగురిని, అదే జబ్బుతో చికిత్స లేకుండా పోయిన వాళ్ళ తోబుట్టువులతోనే పోల్చారు. జన్యువులూ అవే, ఇల్లూ అదే. సగటున 5.5 ఏళ్ళు ఎక్కువ బతికారు. అయిదుగురే, నిజమే. కానీ ఒక్కొక్కరికీ సరిపోలిన పోలిక ఉంది. చూర్ణం డబ్బా మీద ఇలాంటిది చదివారా ఎప్పుడైనా?

ఈలోగా జపాన్‌లో అకిరా ఎండో వేల బూజులను పరీక్షించి, 1973లో ఒక పెన్సిలియం బూజులో తొలి స్టాటిన్‌ను పట్టాడు. 1978లో ఒసాకాలో దాన్ని మొదట ఇచ్చింది ఈ జబ్బే ఉన్న 18 ఏళ్ళ అమ్మాయికి. కండరాలు బలహీనపడితే ఆపి, మోతాదు తగ్గించి మళ్ళీ ఇచ్చారు. గ్రాహకాలు కాస్తయినా మిగిలినవారికి స్టాటిన్లు మేలు చేస్తాయి. బొత్తిగా లేనివారికి అంతంతమాత్రమే. అందుకే మందూ, యంత్రమూ రెండూ కలిపి వాడటం మొదలైంది.

ప్లాస్మా అంతా పారేస్తే మంచి పదార్థాలూ పోతాయి గదా. 1981లో జర్మనీలో స్టోఫెల్ బృందం చెడు కొలెస్టరాల్‌ను మాత్రమే పట్టి ఉంచే గొట్టాల్లోంచి ప్లాస్మాను పంపి, మిగతాది రోగికే తిరిగిచ్చింది. 2021లో అమెరికాలో అనుమతి పొందిన ఎవినాక్యుమాబ్ గ్రాహకాలు లేకపోయినా పనిచేస్తుంది. ధర మాత్రం సామాన్యుడికి అందేది కాదు. వారం పది రోజులకోసారి ఆ యంత్రం పక్కన పడుకునే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.