రెండు సముద్రయానములు

విదేశవిద్యను గూర్చి మన దేశమున వెలువడిన చరిత్రలు సాధారణముగా లండనుతో ఆరంభమై, హైకోర్టు న్యాయవాదులతోను శాసనసభానాయకులతోను ముగియును. ఆ చరిత్రకు మరియొక కొస కలదు. అది బంగాళాఖాతమునందలి అండమాను దీవులలో ఉన్నది. చిరకాలము పోర్ట్‌బ్లెయిర్ అను పేర ప్రసిద్ధమై, 2024 నుండి శ్రీ విజయపురమని పిలువబడుచున్న పట్టణములో అబర్డీన్ బజారుకు సమీపమున మిడిల్ పాయింట్ అను పేట యొకటి కలదు. సెల్యులర్ జైలు కూడ ఈ పట్టణముననే ఉన్నది. ఈ తావున నిలిచి చూచువారికి, సముద్రము దాటి చదువుకొనుట యనునది ఒక యువకుని అభ్యుదయకథగా మాత్రమే కనిపింపదు.

సముద్రయానమును దోషముగా నెంచు సంప్రదాయము మనలో ప్రాచీనమైనది. బౌధాయన ధర్మసూత్రము దానిని పాతకములలో చేర్చినది. పందొమ్మిదవ శతాబ్దమున సీమకు పోయి చదువుకొని వచ్చిన యువకుడు ప్రాయశ్చిత్తము చేసికొనినగాని బంధువుల పంక్తిలో కూర్చుండుటకు వీలులేకపోవుట పెక్కు కుటుంబములు అనుభవించిన విషయమే. ఇంగ్లీషు ప్రభుత్వము ఈ భయమునే శిక్షకు సాధనముగా చేసికొనెను. 1857 నాటి తిరుగుబాటు అణగారిన పిమ్మట, 1858 మార్చి 10వ తేదీన డాక్టరు వాకర్ ఇన్నూరుమంది ఖైదీలతో పోర్ట్‌బ్లెయిరు రేవున దిగెను. ‘కాలాపానీ’ అను మాటలో దూరముకంటె కులభ్రష్టతను గూర్చిన భీతియే హెచ్చుగా ఉండెను. చదువుకొరకు దాటిన సముద్రమే శిక్షకొరకును దాటవలసి వచ్చినది. అయినను చాలకాలము ఈ రెండు ప్రయాణములు చేసినవారు వేర్వేరు మనుష్యులు.

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఈ భేదము చెదరినది. 1904లో కలకత్తాలో ఒక సంఘమేర్పడి, విజ్ఞానశాస్త్రములను పరిశ్రమలను నేర్చుకొనుటకు మన యువకులను జపానుకు, అమెరికాకు, ఐరోపాకు పంపసాగెను. మరుసటి సంవత్సరము వంగదేశవిభజన జరిగెను. ఆ యేడే శ్యామ్‌జీ కృష్ణవర్మ లండనులో ఇండియా హౌసును నెలకొల్పెను. ఆయన యిచ్చిన విద్యార్థివేతనములకు ఒక నియమముండెను: గ్రహీత తిరిగి వచ్చి ప్రభుత్వోద్యోగము చేయరాదు. అంతవరకు విదేశవిద్య యనగా ఉద్యోగమునకు నిచ్చెన. ఈ నియమము ఆ నిచ్చెనను వేరొక గోడకు చేర్చినది.

మేదినీపురమునకు చెందిన హేమచంద్ర దాస్ కానుంగో ఎవరి వేతనమును ఆశింపలేదు. తన యాస్తిలో కొంత అమ్ముకొని 1906లో ఐరోపాకు పోయి, పారిసులో రష్యను విప్లవకారులవలన ప్రేలుడు పదార్థముల నిర్మాణము నేర్చి, 1908 ఆరంభమున తిరిగి వచ్చెను. సుమారు ఏడాదిన్నర సాగిన ఆ చదువునకు ఏ విశ్వవిద్యాలయమును పట్టమీయలేదు. ఆ సంవత్సరమే ఆయన పట్టుబడెను. ఆలీపూరు కేసులో యావజ్జీవ ద్వీపాంతరశిక్ష పొంది అండమానుకు వచ్చి, 1921 వరకు బందీగా ఉండెను. 1906లోనే న్యాయశాస్త్రమునకై లండను వెళ్ళిన వినాయక దామోదర సావర్కర్ గ్రేస్ ఇన్‌లో పరీక్షలు నెగ్గెను గాని, ఆ సంస్థ ఆయనను బారిస్టరుగా స్వీకరింపలేదు. 1910లో అచ్చట నిర్బంధింపబడి, 1911 జూలైలో సెల్యులర్ జైలు చేరెను. లండనులో చరిత్రను, కాలిఫోర్నియాలో ఔషధశాస్త్రమును చదివిన భాయీ పరమానందకు 1915 నాటి లాహోరు కుట్రకేసులో మరణదండన విధింపబడి, పిమ్మట ద్వీపాంతరవాసముగా మార్పబడెను. ఆయనయు ఈ రేవుననే దిగెను.

ప్రభుత్వము ఈ మార్పును గమనింపకపోలేదు. ఇంగ్లండులోని భారతీయ విద్యార్థుల స్థితిగతులను విచారించుటకు 1907లో లీ-వార్నర్ అధ్యక్షుడుగా ఒక సంఘము నియమింపబడెను. దాని నివేదిక నాడు రహస్యముగా నుంచబడి, 1922లో గాని వెలుగుచూడలేదు. 1909లో లండనులో విద్యార్థులకు సలహాలిచ్చు కార్యాలయ మొకటి తెరువబడెను. అది తమను కనిపెట్టియుండుటకే యని విద్యార్థులు శంకించిరి. పాలకులు కుట్రదారులను వెదకిరి. కాని అసలు గురువు వేరొకటి. అచ్చటి ఇంగ్లీషువాడు తన ప్రభుత్వమును బహిరంగముగా విమర్శించుట విద్యార్థి చూచెను. అట్టి విమర్శయే తన దేశమున నేరమని అతడెరుగును. ఏ ఆచార్యుడును రాజద్రోహమును బోధింపనక్కరలేదు. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుకొనుటయే అతని చదువులో ముఖ్యభాగమయ్యెను.

తెలుగువారి అనుభవమును ఇందుకు భిన్నము కాదు. నాటి మద్రాసు రాష్ట్రములోని బరంపురములో పుట్టిన వరాహగిరి వేంకటగిరి 1913లో న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిన్ నగరమునకు పోయెను. అచ్చట ఆయన చూచినది తన దేశమువలెనే ఇంగ్లీషు పాలనతో పెనగులాడుచున్న మరియొక జాతిని. 1916 ఏప్రిల్‌లో ఐరిష్ తిరుగుబాటు చెలరేగెను. ఆ యేడే ఆయన ఆ దేశమును విడిచిపోవలసి వచ్చెను. న్యాయవాదవృత్తిలో స్థిరపడవలసిన యువకుడు రైల్వే కార్మికుల నాయకుడై, 1969లో రాష్ట్రపతియయ్యెను. నాటి నెల్లూరు జిల్లా కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య అమెరికాలో విద్యార్థిగా నుండి గదర్ పార్టీలో చేరెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున పట్టుబడి కారాగారవాసము చేసెను. ‘నేనూ నా దేశం’ అను ఆయన స్వీయచరిత్ర పేరులోనే ఆ చదువు నేర్పిన పాఠమంతయు ఉన్నది.

చదువు జైలుగోడలవద్ద ఆగిపోలేదు. 1933 మే నెలలో సెల్యులర్ జైలులోని రాజకీయఖైదీలు నిరాహారదీక్ష పూనిరి. వారి కోర్కెలలో మంచి ఆహారముతోపాటు వెలుతురును, పుస్తకములును ఉండెను. మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మైత్ర అను ముగ్గురు ఆ దీక్షలో ప్రాణములు కోల్పోయిరి. అటుపిమ్మట పుస్తకములు వచ్చినవి. ఖైదీలు బృందములుగా కూడి చరిత్రను, అర్థశాస్త్రమును చదువుకొనిరి. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఈ జైలులోనివాడే. 1938 జనవరి నాటికి రాజకీయఖైదీలందరును స్వదేశపు ఒడ్డునకు చేర్పబడిరి.

అయితే ఈ సముద్రమునకు ‘నల్లనీరు’ అను పేరు పెట్టినది వెలుపలినుండి వచ్చినవారే గాని దీవుల ఆదివాసులు కారు. మిడిల్ పాయింట్‌లోని మానవశాస్త్ర ప్రదర్శనశాలలో వారి పడవలు, విండ్లు చూచువారికి ఈ విషయము స్ఫురింపక మానదు. 1858 ఆరంభమున మోవట్ అను వైద్యుని బృందము ఒక అండమాను ఆదివాసిని పట్టి కలకత్తాకు తీసికొనిపోయెను. అతనికి జాక్ అని పేరు పెట్టి, ఛాయాచిత్రములు తీసిరి. అతడు జబ్బుపడగా తిరిగి అతని దీవికే చేర్చిరి. ఆ కాలమున ఈ దీవులనుండి విద్యాకేంద్రమైన మహానగరమునకు పోయిన మనుష్యుడు చదువుటకు పోలేదు, ఇతరులకు పరిశీలనవస్తువుగా పోయెను.

స్వాతంత్ర్యానంతరము ప్రయాణము దిక్కు మారినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పెక్కు కుటుంబములు బ్రతుకుతెరువునకై ఈ దీవులకు వలసవచ్చినవి. 2011 జనాభా లెక్కల ప్రకారము ఇచ్చటి ప్రజలలో నూటికి సుమారు పదుమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు. 1967లో ప్రభుత్వ కళాశాల స్థాపింపబడువరకు పట్టభద్రుడు కాగోరిన దీవి బిడ్డ కలకత్తాకో, మద్రాసుకో ఓడ యెక్కవలసినదే. వైద్యకళాశాల 2015లో గాని రాలేదు. రెండు మూడు దినములు ఓడలో గడిపి విశాఖరేవున దిగిన తెలుగు విద్యార్థికి అది తాతముత్తాతల గడ్డయు, పరాయి ఊరును కూడ. అతడు దేశమును విడువలేదు. అయినను విదేశవిద్యార్థికుండెడి ఒంటరితనము, ఇంటిబెంగ, రెండుచోట్లను పోల్చి చూచు అలవాటు అతనికిని తప్పవు.

కావున విదేశవిద్యకు కొలబద్ద విద్యార్థి తెచ్చుకొన్న పట్టము కాజాలదు. ఒక్కయేడు చదివినను, పదియేండ్లు చదివినను, దూరమునుండి అతడు తన ఇంటిని ఎట్లు చూచెను, ఆ చూపుతో తిరిగి వచ్చి ఏమి చేసెను అనునవియే అడుగదగిన ప్రశ్నలు. హేమచంద్రుడు ఎన్నుకొన్న మార్గమును అంగీకరింపనివారును ఈ ప్రశ్నను అతనికి వేయగలరు; గిరికి వేయగలరు; ఓడ దిగి ఇంటికి వచ్చు మిడిల్ పాయింట్ విద్యార్థికిని వేయగలరు. తొలి ఇరువురకు సమాధానము చెప్పుటకు నిర్బంధమో, బహిష్కారమో మూల్యమయ్యెను. నేటి విద్యార్థికి ఆ మూల్యము లేదు. అందుచేత అతని సమాధానము మరింత స్వతంత్రమైనది, మరింత బాధ్యతగలది కూడ.