లుఖ్మీ అంటే ఒక్క ముద్ద

మొన్న శ్రీరాంపూర్‌లో మా చుట్టాలింట్లో వలీమా. దస్తర్‌ఖాన్ మీద కబాబ్ పక్కన లుఖ్మీలు పెట్టారు. నా బిడ్డ ఒకటి తీసుకుని, "అబ్బా, ఈ చదరం సమోసాను స్పెయిన్‌లో ఎంపనాదా అంటారు, ఫోన్లో చూశాను" అంది. స్పెయిన్ పేరు తెలిసిన పిల్లకు లుఖ్మీ పేరు తెలియదు. మనసు చివుక్కుమంది.

ముందు తను చెప్పిన మాటే చూద్దాం. స్పానిష్‌లో 'పాన్' అంటే రొట్టె, 'ఎంపనార్' అంటే రొట్టెలో చుట్టడం. లోపల మాంసమో చేపో పెట్టి పిండితో మూసింది ఎంపనాదా. ఆ 'పాన్' లాటిన్ 'పానిస్' నుంచి వచ్చింది. అదే లాటిన్ మాట పోర్చుగీసువాళ్ల నోట మారి మన దేశంలో 'పావ్' అయింది. పావ్ భాజీలో ఉన్నది ఆ పావే. అంటే ఎంపనాదా మనకు దూరపు చుట్టమే.

సమోసా ఫార్సీ మాట, 'సంబోసా'. 14వ శతాబ్దంలో ఢిల్లీకి వచ్చిన ఇబ్న్ బతూతా, ముహమ్మద్ బిన్ తుగ్లక్ దర్బారు విందుల్లోని సంబూసక్ గురించి రాశాడు. ఖీమాలో బాదం, పిస్తా, అఖ్రోట్, ఉల్లిగడ్డ, మసాలా కలిపి, పల్చటి రొట్టెలో చుట్టి, నెయ్యిలో వేయించేవారట. అందులో ఆలుగడ్డ లేదు. అది అమెరికా ఖండం నుంచి మన దేశానికి తర్వాత వచ్చింది.

ఇక లుఖ్మీ. మైదాపిండిలో ఖీమా పెట్టి చదరంగా చేసే ఈ వంటకం హైదరాబాదీ దావత్‌ల సొత్తు. పేరు అరబీ 'లుక్మా' నుంచి వచ్చింది. లుక్మా అంటే నోట్లో పెట్టుకునే ఒక్క ముద్ద. స్పెయిన్ వాళ్లు చుట్టిన రొట్టెను చూసి పేరు పెడితే, మనవాళ్లు తినే నోటిని చూసి పెట్టారు.

మా అబ్బా సింగరేణి బాయిలో పనిచేశారు. షిఫ్టు దిగి వచ్చి, చేతులు కడుక్కుని, "హలాల్ లుక్మా బేటా, పారేయకు" అనేవారు. నమాజులో ఇమామ్ సాబ్ ఖిరాత్‌లో ఎక్కడైనా మరిస్తే, వెనకనుంచి ఒకరు అందిస్తారు కదా, దాన్నీ 'లుక్మా దేనా' అనే అంటాం. మరిచిన మాటను ముద్దలా నోటికి అందించడం అన్నమాట.

నా బిడ్డ మరిచిపోలేదు, నేనే అందించలేదు. ఆ రోజు ఇంకో లుఖ్మీ తన చేతిలో పెట్టి ఇదంతా చెప్పాను. మీ దస్తర్‌ఖాన్ మీదికి ఈసారి లుఖ్మీ వస్తే, పిల్లలకు దాని పేరు కూడా వడ్డించండి.