చేతులు ఖాళీ, నడుముకు పనిముట్టు

మేము కిష్టారెడ్డిపేటలో గిరిజన ఆడపిల్లల వసతి గృహంలో పనిచేస్తాం. ఆదివారం తల్లిదండ్రులు వచ్చే రోజు. పోయిన చలికాలంలో ఒక ఆదివారం, అచ్చంపేట దిక్కు నుంచి కట్టడం పనికి వచ్చిన ఒక చెంచు తండ్రి ఇంటర్ చదివే తన బిడ్డను చూడడానికి వచ్చాడు. మొలతాడుకు వెనక చిన్న కత్తి దోపుకున్నాడు. భుజానికి వేలాడుతున్న గుడ్డసంచిలోంచి ఇనుప మొన ఉన్న పొట్టి కర్ర ఒకటి బయటికి కనిపిస్తోంది. దారిలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర కాపలా మనిషి ఆపి, సంచి విప్పించి, ఏ ఇంటికి కన్నం వేయడానికి వచ్చావని అడిగాడట. ఆ మాట చెప్తుంటే బిడ్డ తల వంచుకుంది. "అది ఎందుకు తెచ్చినవ్ నాయినా?" అంది. "పని కాడికెళ్లి సీదా వచ్చిన. చేతుల పట్టుకుంటే బస్సు ఎట్ల ఎక్కుత బిడ్డా?" అన్నాడు ఆయన.

అదే వారం ఇంకో అమ్మాయి ఫోన్లో ఒక వీడియో చూపించింది. ఇంగ్లండులో కుందేళ్ల వేట. ఫెర్రెట్ అని, మన ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే పెంపుడు జంతువు. బొరియల నోళ్లన్నిటికీ వలలు కప్పి దాన్ని లోపలికి వదులుతారు. కుందేలు బెదిరి బయటికి ఉరికి వలలో పడుతుంది. ఒక్కోసారి ఫెర్రెట్ లోపలే ఉండిపోతుంది, అప్పుడు తవ్వక తప్పదు. ఒక చేతిలో ఫెర్రెట్ పెట్టె, ఇంకో చేతిలో వలల సంచి ఉంటాయి కాబట్టి వాళ్లు పారను పట్టీతో వీపుకు తగిలించుకుంటారు. పిల్లలు అబ్బురంగా చూశారు. ఈ వేట రెండు వేల ఏళ్ల నాటిది. గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో స్పెయిన్ గురించి రాస్తూ, నోటికి చిక్కం కట్టిన ఇలాంటి జంతువులను కుందేలు బొరియల్లోకి పంపేవారని చెప్పాడు.

వీడియోలో ఆయన వీపున పార ఉంటే ముచ్చటపడిన పిల్లలే, గేటు దగ్గర నాయిన సంచిలో కర్ర ఉంటే సిగ్గుపడ్డారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు ఒక సంగతి. మన కుందేలు బొరియ తవ్వదు. ఇంగ్లండు కుందేలు వేరు, మనది వేరు. మనది గడ్డి మధ్య ఒళ్లు ఇమిడేంత గుంతలో నక్కి ఉంటుంది. దాన్ని కుక్కలతో తరిమి, వలలు కట్టి పట్టేవారు. దానికి పార, పలుగుతో పనిలేదు. మన పెద్దలు తవ్వింది అడవి గడ్డల కోసం, ఎలుకలు, పందికొక్కుల కోసం, ఉడుముల కోసం.

ఎలుక కలుగు దగ్గర ఫెర్రెట్ పని మన దగ్గర పొగ చేసింది. 1909లో థర్‌స్టన్ అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో యానాదుల పద్ధతి రాసి ఉంది. కుండలో గడ్డి కూరి, నిప్పు వేసి, కుండ మూతిని కలుగుకు ఆనించి, కుండకు చేసిన సన్నని చీలికలోంచి పొగను లోపలికి ఊదుతారు. ఆ తర్వాత తవ్వుతారు. ఈ పని చేసే మనిషి చేతులు చూడండి. ఒకటి కుండ మీద, ఒకటి కలుగు మీద. తవ్వే పనిముట్టు అప్పటిదాకా ఒంటిమీదో, అందేంత దూరంలో నేలమీదో ఉండాలి.

నల్లమల చెంచుల గురించి మరింత వివరంగా తెలుసు. 1940 ప్రాంతంలో ఆస్ట్రియా నుంచి వచ్చిన పరిశోధకుడు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అమ్రాబాద్ గుట్టల మీద వారి మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. నైజాం రాజ్యంలోని ఆదివాసుల మీద ఆయన రాసిన వరుసలో అదే మొదటి సంపుటం. అందులో చెంచు కుటుంబానికి ఉన్న ఆస్తి లెక్క పెడితే వేళ్ల మీద అయిపోతుంది. విల్లు, అమ్ములు, గొడ్డలి, కత్తి, బుట్టలు, ఇనుప మొన తొడిగిన తవ్వుకోల. ఈ తవ్వుకోల ఆడ, మగ ఇద్దరిదీ. చెంచులు ఇనుము కరిగించరు. మొన కోసం మైదానంలో కమ్మరి దగ్గరికో, సంతకో రావాలి, తేనెలాంటి అడవి సరుకు ఇచ్చి తీసుకెళ్లాలి. అడవిలో ఎవరి జోలికీ పోకుండా బతికారని అంటారు గానీ, ఆ వేలెడు ఇనుము కోసం ఊరితో సంబంధం ఎప్పుడూ ఉంది.

మోసే పద్ధతికి పట్టీ లేదు, బకిల్ లేదు. గొడ్డలి అయితే తలను భుజానికి తగిలిస్తే చాలు. కామ ఛాతీ మీదుగా వేలాడుతుంది, చేయి పట్టుకోనక్కర్లేదు. చెంచులే కాదు, గోండులూ కోయలూ ఇలాగే నడుస్తారు. కత్తి మొలతాడులో. తవ్వుకోల దారిలో ఊతకర్ర, పాము ఎదురైతే ఆసరా, గడ్డ దొరికితే పనిముట్టు. ఆడవాళ్లకు చంటిపిల్ల చీర మడతలో ఒంటిని అంటుకుని ఉంటుంది. తవ్విన గడ్డలు ఒడిలోకి. ఒడి కట్టడం అనే మాటను మనం పెళ్లిళ్లలో ఒడిబియ్యం దగ్గరే వింటున్నాం. కొంగును నడుముకు చెక్కి సంచి చేసుకోవడం అసలు పనిలోంచి పుట్టిన నేర్పు. పత్తి ఏరే మీ అమ్మలు ఇప్పటికీ చేసేది అదే.

చేతులు ఖాళీగా ఉండడం ప్రాణం మీది సంగతయ్యేది తేనె దగ్గర. కొండ చరియకు వేలాడే పెద్ద పెరకోసం చెట్ల నారతో, తీగలతో పేనిన తాడు మీద మనిషి దిగుతాడు. కింద లోయ. కత్తి, కర్ర, బుట్ట అన్నీ ఒంటికో తాడుకో కట్టి ఉండాలి. పైన తాడు కట్టిన చోట బావమరిది కాపలా ఉంటాడు. తాడు తెగితే తన అక్కో చెల్లెలో ముండమోస్తుంది గనుక అతను రెప్ప వేయడని లెక్క. ఎవరిని నమ్మాలో ఇంత కచ్చితంగా లెక్క కట్టిన భద్రతా నియమం ఏ ఫ్యాక్టరీ గోడ మీదా మాకు కనిపించలేదు. ఇక్కడి ఊళ్లలో తాళ్లెక్కే గౌడన్నల మోకు, ముస్తాదు కూడా ఇదే తెలివి. గీత కత్తులు నడుముకు ఉంటాయి, చేతులు చెట్టుకు ఉంటాయి.

మరి ఈ తెలివి అనుమానంగా ఎప్పుడు మారింది? 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్మిన ఎరుకల వారిని, రైళ్లు వచ్చి ఆ వ్యాపారం పోయాక, పుట్టుకతోనే దొంగలని పేర్లు రాసుకున్నారు. పేరు నమోదైన మనిషి దొంగతనానికి సిద్ధపడి ఉన్నాడని కోర్టుకు అనిపిస్తే చాలు, దొంగతనం జరగకపోయినా శిక్ష వేయవచ్చు. గడ్డ తవ్వే మొన గోడనూ తవ్వగలదు. ఆ చట్టం కింద సంచిలో ఇనుము ఉన్న ఎరుకల మనిషి ఏం చెప్పి నమ్మించగలడు? బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లు అప్పుడే పుట్టాయి. చట్టం 1952లో రద్దయింది. గేటు దగ్గరి ప్రశ్న మాత్రం రద్దు కాలేదు.

రెండో దెబ్బ వేరే దిక్కునుంచి వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత కుందేలు, ఉడుము పట్టడం నేరం. 2006 అటవీ హక్కుల చట్టం గడ్డలు, తేనె, బంక లాంటి చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు ఇచ్చింది, సంప్రదాయ హక్కులనూ ఒప్పుకుంది. కానీ వేటాడే, ఉచ్చు వేసే హక్కును అందులోంచి స్పష్టంగా తీసేసింది. వేటను తిరిగి తెమ్మని మేము అనడం లేదు. ఉడుములు మిగలాలి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు తెలుసుకోవలసింది ఒక్కటే. తవ్వుకోలతో గడ్డ తవ్వడం, తేనె తీయడం చట్టం ఒప్పుకున్న హక్కులు. ఫారెస్టు వాళ్లు ఆపితే ఏ చట్టం, ఏ ఏడు అని చెప్పగలగాలి.

పొగకుండ వారసుల సంగతీ చెప్పాలి. తమిళనాడులో ఇరుళ తెగవారు 1978లో పాములు పట్టేవారి సహకార సంఘం పెట్టుకున్నారు. పాము తోలు వ్యాపారం నిషేధించాక, అదే నేర్పుతో విషం తీసి మందుల తయారీకి ఇస్తున్నారు. ఆ తెగకు చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్ 2017లో అమెరికాలోని ఫ్లోరిడాకు వెళ్లి కొండచిలువల జాడ పట్టి చూపించారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బొరియ నోరు చూసి లోపల ఏముందో చెప్పే కన్ను వాళ్లది.

మీ ఇంట్లో ఇలాంటి పనిముట్టు ఉంటే, దాని పేరు మీ భాషలో ఏమిటో, ఒంటిమీద ఎక్కడ పెట్టుకునేవారో అవ్వనో తాతనో అడిగి రాసి పంపండి. ఫొటో తీస్తే పనిముట్టు ఒక్కటే కాదు, అది మోసే మనిషితో సహా తీయండి.

ఆ తండ్రిని ఇంకో ఆదివారం అడిగాం, ఆ కర్రను మా వసతి గృహంలో పిల్లలు చూసేందుకు ఉంచిపొమ్మని. నవ్వి, కుదరదన్నాడు. సోమవారం పైపులైను గుంత పని ఉందట. బిడ్డ దాన్ని చేతిలోకి తీసుకుని, స్కేలుతో కొలిచి, నోటుబుక్కులో బొమ్మ గీసుకుని, తిరిగి తనే ఆయన సంచిలో పెట్టింది.