మామిడి బ్రెజిల్ వెళ్లింది సరే, మరి మన గుడ్డ?

ఈ రోజు ముందుగా ఒక పాత వీడియో సంగతి ఒప్పుకోవాలి. పోయిన ఏడాది "బందరు గుడ్డ ప్రపంచాన్ని ఏలింది" అని ఒక ఎపిసోడ్ చేశాను, గుర్తుందా? మీలో చాలామంది స్టేటస్ కూడా పెట్టుకున్నారు. అందులో నేను అబద్ధం ఏమీ చెప్పలేదు. కానీ సగమే చెప్పాను. ఆ మిగతా సగం ఉందని నాకు అప్పుడు తెలియదు. ఒక బ్రెజిల్ అతను అడిగిన నాలుగు మాటల ప్రశ్న వల్ల తెలిసింది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే రోజుల్లో మా టీమ్‌లో ఒకతను రెసీఫె నుంచి పని చేసేవాడు. రెసీఫె అంటే బ్రెజిల్‌కి ఈశాన్యంగా సముద్రం ఒడ్డున ఉండే పెద్ద ఊరు. మే నెలలో నేను నూజివీడు మా తాతయ్య గారింటి నుంచి వర్క్ చేస్తున్నాను. మాకు సాయంత్రం ఆరు, అతనికి పొద్దున తొమ్మిదిన్నర. కాల్ మొదలవలేదు కదా అని కెమెరా ఆఫ్ చేశాననుకుని చిన్నరసం జుర్రుకుంటున్నాను. కెమెరా ఆన్‌లోనే ఉంది! అతను "మాంగా!" అని అరిచి, ల్యాప్‌టాప్ ఎత్తి కిటికీ బయట చెట్టు చూపించాడు. మామిడి చెట్టే. కాయల్లేవు, వాళ్ల సీజన్ డిసెంబర్ వైపు.

అలా మాటలు కలిశాయి. ఒకసారి మనం అందరినీ అడిగినట్టే "మీ సొంతూరు ఏది?" అన్నాను. అతను నల్లజాతి వాడు. "మా తాతల తాతల్ని ఆఫ్రికా నుంచి ఓడలో తెచ్చి అమ్మారు. ఏ ఊరి నుంచో ఏ కాగితంలోనూ లేదు" అన్నాడు. మనం పిన్‌కోడ్ చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాకు నోట మాట రాలేదు.

ఉద్యోగం మానేశాక నేను ఆ బందరు వీడియో చేస్తే అతను సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశాడు. చూసి "ఆ గుడ్డ ఎవరికి అమ్మారు?" అని మెసేజ్ పెట్టాడు. పర్షియా, జావా, యూరప్ అని నేను గొప్పగా రాశాను. వెంటనే ఇంకో మెసేజ్. "ఆఫ్రికా?"

దీనికి జవాబు వెతుకుతూనే ఈసారి బండి తీశాను. నూజివీడు, హనుమాన్ జంక్షన్, గుడివాడ, అక్కడి నుంచి మచిలీపట్నం. ఎనభై కిలోమీటర్లు అటూ ఇటూ. తోటలు అయిపోతాయి, వరి చేలు వస్తాయి, తర్వాత గాలిలో ఉప్పు తగులుతుంది.

బందరులో మ్యూజియం కంటే ముందు పేటల పేర్లు చూడండి. ఇంగ్లీషుపాలెం సరే, అర్థమవుతుంది. పరాసుపేట అంటే? మనవాళ్లు ఫ్రెంచి వాళ్లని పరాసులు అనేవాళ్లు. వలందపాలెం అంటే? వలందా అంటే హాలండ్, అంటే డచ్ వాళ్లు. పోర్చుగీసు వాళ్లకైతే బుడతకీచులు అని పేరు పెట్టారు, అది నాకు చాలా ఇష్టమైన మాట. ఆటో అతను "వలందపాలెం సెంటరా, ఎక్కండి" అంటాడు. నాలుగు వందల ఏళ్ల చరిత్రకి షేర్ ఆటో ఛార్జీ!

డచ్ వాళ్లు 1605-06లో ఇక్కడికొచ్చారు. చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పాలన అది, బందరు గోల్కొండ రాజ్యానికి రేవు. 1611లో ఇంగ్లీషు వాళ్లు, 1669లో ఫ్రెంచి వాళ్లు వచ్చారు. డచ్ వాళ్ల సమాధుల తోట ఇప్పటికీ ఊళ్లో ఉంది, పురావస్తు శాఖ సంరక్షణలో. పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద డచ్ అక్షరాలు, కుటుంబాల చిహ్నాలు. ఆ చెక్కడం చూస్తే ఖర్చుకి వెనకాడలేదని తెలుస్తుంది. బందరుకోట మాత్రం శిథిలం. 1864 నవంబర్ 1న వచ్చిన తుఫానులో సముద్రం ఊరి మీదకి వచ్చి దాదాపు ముప్పై వేల మంది పోయారు. ఆ దెబ్బ నుంచి రేవు మళ్లీ పాత స్థితికి రాలేదు.

సరే, అసలు డచ్ వాళ్లకి మన గుడ్డ ఎందుకు? నేను పాత వీడియోలో "మన క్వాలిటీ చూసి పిచ్చెక్కిపోయారు" అన్నాను. క్వాలిటీ నిజమే. కానీ అసలు కారణం వేరే. వాళ్లకి కావాల్సింది జాజికాయ, లవంగం, మిరియాలు. అవి ఇండోనేషియా దీవుల్లో ఉన్నాయి. అక్కడి వాళ్లు యూరప్ సరుకు పట్టించుకోలేదు. "కోరమాండల్ గుడ్డ తెస్తే మసాలా ఇస్తాం" అన్నారు. అంటే మన గుడ్డ వాళ్లకి కట్టుకునే బట్ట ఒక్కటే కాదు, డబ్బు. ఫోన్‌పే బ్యాలెన్స్ లాంటిది. అందుకే బందరుతో ఆగలేదు. పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, ఇలా నేత ఊళ్లు ఎక్కడుంటే అక్కడ గిడ్డంగులు పెట్టారు. మధ్యలో దళారి, అతను నేతగాడికి అడ్వాన్స్ ఇస్తాడు, ఆ అడ్వాన్స్ తీరేదాకా మగ్గం ఇంకొకరికి నేయకూడదు.

ఇక్కడే ఒక చిన్న మాట. మనం కలంకారీ కలంకారీ అంటాం, పెడన వెళ్లి కొంటాం కూడా. కానీ ఓడల్లో మూటలకి మూటలు ఎక్కింది ఎక్కువగా సాదా గుడ్డ. తెల్లది, లేదంటే నీలిమందు వేసిన నీలం గుడ్డ. అందులో ఒక పొడుగు రకానికి డచ్ వాళ్లు పెట్టిన పేరు గినీ గుడ్డ. గినీ అంటే ఏంటో తెలుసా? పశ్చిమ ఆఫ్రికా తీరం పేరు. కోరమాండల్‌లో నేసిన గుడ్డకి ఆఫ్రికా పేరు! అమ్మేది ఎక్కడో పేరులోనే రాసుకున్నారు. నేను ఈ పేరు పాత వీడియో కోసం చదివినప్పుడు కూడా చూశాను. "ఏదో రకం" అనుకుని స్క్రోల్ చేసేశాను.

నాకు కోడింగ్ అలవాటు కదా, రెండు టేబుల్స్ వేసుకుని జాయిన్ చేశాను. ఒక టేబుల్ డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ, పుట్టింది 1602లో. మన బందరుకి వచ్చింది ఇదే. రెండోది డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ, 1621. ఇది 1630లో బ్రెజిల్ ఈశాన్య తీరాన్ని, అంటే మా టీమ్ అతని రెసీఫెని, పోర్చుగీసు వాళ్ల దగ్గర లాక్కుంది. అక్కడ చెరకు తోటలు. చెరకుకి మనుషులు కావాలి. 1637లో ఆఫ్రికాలో ఎల్మినా కోట పట్టుకుంది, ఇప్పటి ఘనాలో. 1654లో బ్రెజిల్ నుంచి వెళ్లగొట్టేలోపు ఇరవై వేల మందికి పైగా ఆఫ్రికన్లని అక్కడ దింపింది.

రెండు టేబుల్స్ కలిసే కాలమ్ ఏంటి? గుడ్డ. ఈస్ట్ కంపెనీ మన తీరం నుంచి గుడ్డ తీసుకెళ్లి ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తుంది. బానిస వ్యాపారులు అది కొని ఆఫ్రికా తీరానికి తీసుకెళ్తారు. అక్కడ దాన్ని ఇచ్చి మనుషుల్ని తీసుకుంటారు. ఇండోనేషియాలో జాజికాయకి చేసిన పనే ఇక్కడ మనిషికి చేశారు. డచ్ వాళ్లొక్కళ్లే కాదు, ఇంగ్లీషు, ఫ్రెంచి, పోర్చుగీసు, అందరిదీ ఇదే పద్ధతి. పోర్చుగీసు వాళ్లకైతే గోవా ఓడలు తిరుగు దారిలో బ్రెజిల్‌లో సాల్వడార్ రేవులోనే ఆగేవి. మన దేశం గుడ్డ అక్కడి నుంచే బానిసల ఓడలెక్కేది. బ్రెజిల్‌కి చేరిన ఆఫ్రికన్ల మొత్తం లెక్క దాదాపు 48 లక్షలు. దారిలో చనిపోయి సముద్రంలో పడేసిన వాళ్లు ఈ లెక్కలో లేరు. అక్కడ బానిసత్వం రద్దయింది 1888లో. మా తాతయ్య వాళ్ల తాతయ్య కాలం.

"అయితే నేత నేసిన వాళ్ల తప్పా?" అని మీలో కొందరు ఇప్పటికే టైప్ చేస్తుంటారు. కాదండి. పాలకొల్లు మగ్గం మీద కూర్చున్నాయనకి ఆ గుడ్డ ఎటు వెళ్తుందో ఎలా తెలుస్తుంది? పైగా మనవాళ్లు కూడా సరుకైన రోజులున్నాయి. పదిహేడో శతాబ్దంలో కరువులొచ్చినప్పుడు ఈ కోరమాండల్ తీరంలో జనం పిల్లల్ని అమ్ముకున్నారు, తమని తాము అమ్ముకున్నారు. డచ్ ఓడలు వాళ్లని బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి తీసుకెళ్లాయి. దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్ పాత రికార్డుల్లో బానిసల పేర్ల చివర "ఫాన్ కోరమాండల్" అని ఉంటుంది. కోరమాండల్ వాడు అని అర్థం. ఏ ఊరో లేదు. మా రెసీఫె అతను చెప్పిందే కదా ఇది.

మనం తాగే బత్తాయి జ్యూస్ ఉంది చూశారా, బత్తాయి అన్న మాట ఆ బటావియా నుంచే వచ్చింది. పండు ఇటొచ్చింది, మనుషులు అటు వెళ్లారు.

ఆఫ్రికా వాళ్లు మన వైపు రాలేదా అంటే వచ్చారు, వేరే దారిలో, అరేబియా సముద్రం మీదుగా. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషన్ అనుకునేవాడిని నేను! ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం గారి గుర్రపు దళం. హబ్సిగూడలో హబ్సీ అన్నా ఆఫ్రికా మనిషే. దాని మీద విడిగా ఎపిసోడ్ చేయాలి.

ఇక పళ్ల సంగతి. మామిడిని బ్రెజిల్ తీసుకెళ్లింది బుడతకీచులే. 1700 ప్రాంతానికి బహియాలో ఉంది. వాళ్లు ముందు దిగింది కేరళలో కాబట్టి మలయాళం మాట మాంగా పట్టుకెళ్లారు. బందరులో ముందు దిగి ఉంటే రెసీఫె అతను "మామిడి!" అని అరిచేవాడేమో. బదులుగా అక్కడి నుంచి మనకొచ్చింది జీడిమామిడి. పుట్టిల్లు ఆ ఈశాన్య బ్రెజిల్ తీరమే. కాజు అన్న మాట కూడా అక్కడి తుపి ఆదివాసులది. మనవాళ్లు ఆ మాట తీసుకోకుండా, చెట్టుని చూసి జీడి, మామిడి రెండూ కలిపి పేరు పెట్టారు. తమాషా ఏంటంటే బోటనీలో ఈ మూడూ నిజంగానే ఒకే కుటుంబం. బందరు లడ్డూలో తగిలిన జీడిపప్పు నమిలేటప్పుడు నేను ఇదే ఆలోచిస్తున్నాను.

రియో డి జనీరోలో మాంగేరా అని ఒక సాంబా స్కూల్ ఉంది, 1928లో పెట్టారు. మాంగేరా అంటే మామిడి చెట్టు. బానిసలుగా వచ్చిన వాళ్ల మనవలు, మునిమనవలు పెంచిన సంగీతం సాంబా, దాని పెద్ద పేర్లలో ఒకటి మన చెట్టు పేరు. 2019 కార్నివాల్‌లో వాళ్లు నల్లవాళ్ల, ఆదివాసుల చరిత్రని వీధిలో ఆడి ఫస్ట్ ప్రైజ్ కొట్టారు. ఇది తాతయ్యకి చెబితే "చెట్టు ఎవరు పెట్టార్రా అక్కడ?" అన్నారు. నేను ఆగిపోయాను. పెట్టించింది దొరలు, గొయ్యి తవ్విందీ నీళ్లు పోసిందీ బానిసలే అయ్యుంటారు. "మరి చెప్పవేం?" అన్నారు.

చివరిగా ఇంకొకటి. నర్సాపురం దగ్గర మాధవాయపాలెం అని ఉండేది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు వాళ్ల గిడ్డంగి ఊరు. అక్కడి తెల్ల గుడ్డకి వాళ్లు మడపోలం అని పేరు పెట్టారు. తర్వాత మాంచెస్టర్ మిల్లులు అదే పేరుతో మిషన్ గుడ్డ తీసి మన నేతని దెబ్బకొట్టాయి, అది వేరే బాధ. కానీ పేరు మాత్రం తిరుగుతూనే ఉంది. పోర్చుగీసు డిక్షనరీలో మడపొలావ్ అని ఉంటుంది, తెల్ల నూలు గుడ్డ అని అర్థం. రెసీఫె అతనికి వాయిస్ నోట్ పెట్టాను, ఈ మాట తెలుసా అని. తనకి తెలియదన్నాడు. రెండు రోజులకి వాళ్లమ్మగారి గొంతు పంపించాడు. వాళ్లమ్మమ్మ దుప్పట్లు కుట్టే గుడ్డని అలాగే అనేదట.

పాత వీడియో డిలీట్ చేయలేదు. టైటిల్‌లో "ఏలింది" తీసేశాను, చివర ఈ భాగం కలిపాను. రేపు పొద్దున్నే నర్సాపురం బయల్దేరుతున్నాను. మాధవాయపాలెం పేరు ఇంకా పలికే పెద్దవాళ్లు ఎవరైనా దొరికితే రికార్డ్ చేసి ముందు ఆవిడకి పంపిస్తాను, తర్వాత మీకు పెడతాను.