రెండు పుటల గమనిక – బిలస్వర్గం గవుల పరిశోధన పత్రాలు

బేతంచెర్ల పేరు చెప్పగానే రాయలసీమవారికి నాపరాళ్లు గుర్తుకు వస్తాయి. ఆ ఊరికి సమీపంలోనే, సున్నపురాతి కొండల నడుమ బిలస్వర్గం గుహలు ఉన్నవి. గుహను ఈ ప్రాంతంలో గవి అంటారు. ఇదివరలో కర్నూలు జిల్లాలో ఉండి, 2022లో నంద్యాల జిల్లాలో చేరిన ఈ గవులను చూచి వచ్చినవారు ఎందరో ఉండవచ్చు. కాని ప్రపంచ విజ్ఞాన సాహిత్యంలోకి ఇవి ప్రవేశించినది 1844లో, ఒక పత్రికలో అచ్చయిన రెండు పుటల గమనిక వలన. ఆ గమనిక నుండి నేటి వరకు ఈ గవులను గురించి వెలువడిన వ్యాసాలను వరుసగా చూస్తే, ఒక పరిశోధకుడు తాను కనుగొన్నదానిని ఏ విధంగా వ్రాసి పత్రికకు పంపవలెనో, ఆ వ్రాతకు విలువ ఎక్కడి నుండి వస్తుందో తెలుస్తుంది.

గమనిక వ్రాసినవాడు థామస్ జాన్ న్యూబోల్డు. ఆయన మద్రాసు సైన్యంలో అధికారి, ప్రాచ్యభాషలు నేర్చినవాడు. మలక్కాలో కొంతకాలం పనిచేసి ఆ ప్రాంతాలను గురించి 1839లో ఒక గ్రంథం ప్రచురించాడు. అదే సంవత్సరం కర్నూలు నవాబు పాలన అంతమై ఆ సీమ కంపెనీ చేతికి వచ్చింది. 1840ల్లో న్యూబోల్డు అక్కడ కమిషనరుకు సహాయకుడుగా ఉద్యోగం చేస్తూ, తీరిక దొరికినప్పుడు రాళ్లను, గనులను, గవులను పరిశీలించేవాడు. బిలస్వర్గంలో గవి నేలను త్రవ్వించగా మట్టిలోను, సున్నంతో అతుక్కొని గట్టిపడిన రాతిముద్దలోను జంతువుల ఎముకలు కనిపించాయి.

ఆయన వ్రాత అచ్చయినది కలకత్తాలోని బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రిక 13వ సంపుటంలో. మన దేశంలో ప్రయాణికుల రైలు మొదట నడచినది 1853లో. కనుక కర్నూలు సీమ నుండి కలకత్తాకు చేతివ్రాత ప్రతి తపాలాలో ఎంత దూరం, ఎంత కాలం ప్రయాణం చేయవలసి ఉండేదో ఊహించుకోవచ్చును. సందేహం కలిగితే సంపాదకుడు రచయితను వెంటనే అడిగే వీలు లేదు. అందువలన చెప్పదలచినది వ్రాతలోనే పూర్తిగా ఉండవలెను.

ఈ సందర్భంలో న్యూబోల్డు చేసిన ఒక పని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించదగినది. వ్యాసం శీర్షికలోనే, గవుల పేరు ప్రక్కన, ఆయన అక్షాంశం 15 డిగ్రీల 25 నిమిషాలు అనీ, రేఖాంశం 78 డిగ్రీల 15 నిమిషాలు అనీ వేశాడు. మన ఊళ్ల పేర్లను ఆ కాలపు ఆంగ్లేయులు తలకొక విధంగా వ్రాసేవారు. కడప, కర్నూలు అనే పేర్లే ఎన్ని రూపాలలో అచ్చయినవో చెప్పలేము. పేరు చెడిపోయినా అంకెలు చెడవు. వ్యాసం చదివినవాడు ఏనాటికైనా ఆ చోటికి వెళ్లి చూడగలుగుతాడు.

అయితే రెండు పుటలలో ఏమి ఇముడుతుంది? ఎముకలు ఉన్నవని తెలిసింది. ఏయే జంతువులవి, ఏ లోతులో ఏవి దొరికినవి, వాటితోపాటు మానవుని జాడ ఏమైనా ఉన్నదా అనే ప్రశ్నలు మిగిలిపోయాయి. న్యూబోల్డు 1850లో మహాబలేశ్వరంలో మరణించాడు. ఆ ప్రశ్నలు నలభై సంవత్సరాలు అట్లాగే ఉండిపోయాయి.

ఈ మధ్యకాలంలో ఈ సీమను గురించి మరొక పెద్ద రచన వెలువడింది. భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలాసముదాయాలను వర్ణిస్తూ 1872లో ఆ శాఖ స్మారక సంపుటాలలో ఒక మహావ్యాసం ప్రచురించాడు. పాపాఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ అని కడప శిలలకు ఆయన పెట్టిన వర్గనామాలు మన నదులవి, కొండలవి. ఒక శిలకు పేరు పెట్టేటప్పుడు అది స్పష్టంగా కనిపించే చోటును చూపి, ఆ చోటి పేరే పెట్టి, ఆ వర్ణనను అచ్చు వేయించడం భూగర్భశాస్త్రంలో ఆచారం. జమ్మలమడుగు ప్రాంతపు నార్జి గ్రామం పేరు ఒక సున్నపురాయికి శాస్త్రనామంగా నిలవడం ఈ విధంగానే జరిగింది.

గవుల ప్రశ్నను మళ్లీ లేవనెత్తినవాడు సుప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు థామస్ హక్స్‌లీ. యూరపు గుహలలో ప్రాచీన మానవుని అవశేషాలు బయటపడుతున్న రోజులవి. కర్నూలు గవులను త్రవ్వించవలసినదని ఆయన మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించాడు. ఆ పని రాబర్టు బ్రూస్ ఫుట్‌కు అప్పగించబడింది. 1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో రాతిగొడ్డలిని గుర్తించి, భారతదేశంలో ప్రాచీన శిలాయుగం ఉన్నదని చూపినవాడు ఈ ఫుట్‌. ఆయన గవులలో పని ప్రారంభించగా, కుమారుడు హెన్రీ బ్రూస్ ఫుట్ అనే సైనికాధికారి త్రవ్వకాన్ని కొనసాగించాడు.

భూగర్భ సర్వే వారి 'రికార్డ్స్' పత్రికలో 1884, 1885 సంవత్సరాలలో వచ్చిన ఫుట్ వ్యాసాల శీర్షికలే ఒక పాఠం. మొదటిదానికి ఆయన 'స్థూల గమనికలు' అని పేరు పెట్టాడు. అనగా ఇవి ముడి విషయాలు, తుది నిర్ణయాలు కావు అని ముందే చెప్పాడన్నమాట. తరువాతి రెండింటి శీర్షికలలోను కుమారుని పేరు ఉన్నది. కలం తండ్రిది, త్రవ్వినది కొడుకు. ఆ సంగతి మొదటి పంక్తిలోనే పాఠకునికి తెలుస్తుంది. ఎవరి శ్రమ ఎవరిదో దాచకపోవడం పరిశోధన వ్యాసానికి ప్రథమ మర్యాద. ఈ మర్యాద అన్ని కాలాలలోను పాటింపబడినదని చెప్పలేము; ఆ త్రవ్వకాలలో గంపలు మోసిన కూలీల పేర్లు ఏ వ్యాసంలోను శీర్షికకు ఎక్కలేదు.

దొరికిన ఎముకలలో సుమారు 200 మానవుడు చెక్కిన పనిముట్లని ఫుట్ భావించి, వాటిని యూరపులోని మగ్దలీనియన్ కాలపు పనిముట్లతో పోల్చాడు. జంతువులను గుర్తించే పని రిచర్డు లైడెక్కర్‌ది. ఆయన 1886లో ముందుగా ఒక చిన్న ప్రాథమిక గమనికను, తరువాత పటాలతో కూడిన సమగ్ర రచనను వెలువరించాడు. అందులో నేడు ఆఫ్రికాలో మాత్రమే కనిపించే చుక్కల దుమ్ములగొండి ఉన్నది. ఒక ఖడ్గమృగానికి ఆయన 'రైనాసెరస్ కర్నూలియెన్సిస్' అని కొత్త పేరు పెట్టాడు. జీవులకు నామకరణం చేయడంలో వాడుకలో ఉన్న అంతర్జాతీయ నియమాల ప్రకారం, పేరు మనసులో తట్టిన నాడు గాని, సభలో పలికిన నాడు గాని లెక్కలోకి రాదు. వర్ణనతో సహా అచ్చయిన తేదీయే లెక్క.

ఫుట్ చెప్పిన ఎముక పనిముట్ల విషయంలో సందేహాలు మిగిలాయి. వాటితోపాటు రాతి పనిముట్లు దొరకలేదు. జంతువులు కొరికిన ఎముక కూడ ఒక్కొక్కసారి చెక్కినట్లే కనిపిస్తుంది. ఈ సందేహానికి జవాబు రావడానికి దాదాపు 90 సంవత్సరాలు పట్టింది. ఎం. ఎల్. కె. మూర్తి బేతంచెర్ల ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవిలో త్రవ్వి, ఎముక పనిముట్లతోపాటు రాతి పనిముట్లను కూడ కనుగొని, 1974లో అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీ పత్రికలో ఆ ఫలితాలు ప్రచురించారు. కె. తిమ్మారెడ్డి బిలస్వర్గంలో జరిపిన పరిశోధన 'ఏషియన్ పర్‌స్పెక్టివ్స్' అనే పత్రికలో వచ్చింది. చింతమాను గవిలో బయటపడిన ఒక పొయ్యి వయస్సు సుమారు 17,400 సంవత్సరాలని 1983 నాటి వ్యాసం తెలుపుతున్నది. మట్టి బాగా కాలినప్పుడు దానిలోని ఖనిజాలలో అంతవరకు నిలువ ఉన్న శక్తి వెలుగుగా వెడలిపోతుంది. తరువాత మళ్లీ కొద్దికొద్దిగా చేరుతుంది. మరల వేడిచేసి ఆ వెలుగును కొలిస్తే, పొయ్యి చివరిసారి మండి ఎంతకాలమైనదో లెక్కకట్టవచ్చు.

2014లో పాట్రిక్ రాబర్ట్స్ మొదలగువారు బిలస్వర్గం గవుల పొరలను కొత్త పద్ధతులతో పరీక్షించి అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికకు వ్యాసం వ్రాశారు. గుర్తించిన 21 రకాల క్షీరదాలలో 20 రకాలు కనీసం లక్ష సంవత్సరాలుగా నేటి వరకు కొనసాగుతున్నవని వారు చూపారు. ఇతర ఖండాలలో అనేక పెద్ద జంతువులు నశించిన కాలంలో మన దేశంలో అవి చాలవరకు నిలిచినవని దీని అర్థం. పోల్చడానికి ఫుట్, లైడెక్కర్‌ల వర్ణనలు అచ్చులో ఉండబట్టి ఈ గవుల సంపద ఏమిటో ముందే తెలిసింది.

ఈ బృందంలోని కొందరే అంతకు ముందు బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో పనిచేశారు. అక్కడ జుర్రేరు లోయలో తెల్లని బూడిద పొర, కొన్ని చోట్ల రెండున్నర మీటర్ల మందాన ఉన్నది. పాత్రలు తోమే పొడికోసం దానిని త్రవ్వి అమ్మేవారు. సుమారు 74,000 సంవత్సరాల క్రితం ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చిపడిన బూడిద అది. ఆ ప్రళయంలో మానవులు చాలవరకు నశించారని ఒక వాదం. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడకు చెందిన రవి కోరిసెట్టర్ మొదలగు పద్నాలుగు మంది ఆ బూడిదకు క్రిందను, పైనను దొరికిన రాతి పనిముట్లు ఒకే తీరుగా ఉన్నవని, కనుక ఇక్కడి మానవులు ఆ విపత్తును దాటి బ్రతికారని 2007 జూలైలో 'సైన్స్' పత్రికలో వ్రాశారు.

ఆ వ్యాసం మూడు పుటలే. న్యూబోల్డు గమనికకంటె ఒక్క పుట ఎక్కువ. కాని పని తీరు వేరు. ఇటువంటి పత్రికకు వ్రాతప్రతి పంపేవారు సారాంశం, పద్ధతి, కొలతలు, వాటిలో ఉండగల దోషపు హద్దులు, పటాలు, పూర్వ రచనల జాబితా అన్నీ సిద్ధం చేయవలెను. మూడు పుటలలో పట్టని వివరాలను అనుబంధంగా జతచేయవలెను. అదే వ్రాతను అదే సమయంలో మరొక పత్రికకు పంపకూడదు. సంపాదకుడు దానిని ఆ విషయం తెలిసిన పరీక్షకులకు పంపుతాడు. వారి పేర్లు సాధారణంగా రచయితలకు చెప్పరు. లండనులో 1665లో 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' ప్రారంభించిన ఓల్డెన్‌బర్గ్ కాలంలో ఇటువంటి కట్టుదిట్టమైన ఏర్పాటు లేదు. రాయల్ సొసైటీలో కూడ పరీక్షకులు వ్రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వడం 1830లలో మొదలైనది. పరీక్షకులు అడిగిన ప్రతి ప్రశ్నకు రచయితలు జవాబు వ్రాసి, ప్రతిని సరిచేసి తిరిగి పంపాలి. చాల వ్రాతలు ఈ దశలోనే తిరిగివస్తాయి. అది అవమానం కాదు. తిరిగివచ్చిన వ్రాత తరచుగా మెరుగుపడి మరొక పత్రికలో వెలుగు చూస్తుంది.

అచ్చయిన తరువాత కూడ వివాదం ఆగలేదు. టోబా పేలుడు వలన మన దేశంలో అడవులు, వాతావరణం తీవ్రంగా దెబ్బతిన్నవని 2009లో మార్టిన్ విలియమ్స్ మొదలగువారు పుప్పొడి ఆధారాలతో వాదించారు. ఆధునిక మానవులు ఈ ఖండానికి టోబా తరువాతనే వచ్చారని, జ్వాలాపురం పనిముట్లు అంతకు పూర్వపు మానవజాతివి కావచ్చునని 2013లో పాల్ మెల్లార్స్ మొదలగువారు వ్రాశారు. పనిముట్టును చూచి దానిని చేసిన చేయి ఏ జాతిదో చెప్పడం కష్టం. 2007 నాటి వ్యాసానికి ఆధారమైన త్రవ్వకాలలో, బూడిదకు పైన గాని క్రింద గాని, మానవుని ఎముక ఒక్కటైనా దొరకలేదు.